తన్ను తాను లెక్కించుకొను డేటాబేసు

పదవ తరగతి పరీక్షాఫలితములు వెలువడిన గంటలోపల లక్షలకొలది విద్యార్థులు తమ హాల్‌టిక్కెట్టు సంఖ్యను కంప్యూటరులోనో, చేతిలోని ఫోనులోనో కొట్టి మార్కులకొరకు ఎదురుచూచుచుందురు. ఎక్కడో దూరమున నున్న ఒక యంత్రము ఆ సంఖ్యను అందుకొని, లక్షల పేర్లున్న పట్టికలో ఆ ఒక్క పేరును వెదకి, సెకనులో నూరవవంతు కాలములో జవాబు పంపగలదు. ఒక్కొక్కసారి మాత్రము అదే యంత్రము, అదే పట్టిక, అదే ప్రశ్న అయినను జవాబునకు నిమిషములు పట్టును. యంత్రము చెడిపోలేదు. పట్టిక ఒక్కసారిగా పెరిగిపోలేదు. మరి మారిన దేమి? పెక్కుసార్లు, మారినది పట్టికలోని సమాచారము. మారనిది ఆ సమాచారమును గురించి యంత్రము వద్దనున్న అంచనా. ఆ రెంటికిని పొత్తు కుదరకపోవుటయే ఆలస్యమునకు కారణము.

ఈ అంచనాలను యంత్రము ఎట్లు కట్టుకొనును? తాను చేయుచున్న పనిని ఎట్లు కొలుచుకొనును? ఆ కొలతలను ఎంతవరకు నమ్మవచ్చును? వీనిని వివరించుటకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను డేటాబేసు అనుకూలమైనది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ శాఖలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ నాయకత్వమున 1986లో మొదలైన పోస్ట్‌గ్రెస్ పథకము నుండి ఇది పుట్టినది. 1996లో ఇప్పటి పేరు పొందినది. దీనికి వెల లేదు. దీని మూలరచన యంతయు బహిరంగము. పాఠశాలలోని సాధారణమైన కంప్యూటరు మీద కూడ దీనిని నెలకొల్పి, క్రింద చెప్పబడు విషయములలో పెక్కింటిని విద్యార్థులు స్వయముగా పరీక్షించి చూడవచ్చును.

ప్రశ్న ఒకటి, దారులు అనేకము

ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఇ.ఎఫ్. కాడ్ అను గణితజ్ఞుడు 1970లో ఒక వ్యాసము ప్రకటించెను. సమాచారము నంతటిని పట్టికల రూపమున చూడవలెననియు, అది యంత్రములో ఎక్కడ ఏ క్రమమున దాచబడినదో వాడుకొనువానికి తెలియనక్కర లేదనియు అతని ప్రతిపాదన. దీనికే రిలేషనల్ పద్ధతి అని పేరు. పట్టికలోని ఒక్కొక్క అడ్డు వరుస ఒక్కొక్క విద్యార్థిని, ఒక్కొక్క నిలువు వరుస పేరు, జిల్లా, మార్కులు మొదలగు ఒక్కొక్క లక్షణమును తెలుపును. వాడుకొనువాడు తనకు ఏమి కావలెనో చెప్పిన చాలును. దానిని ఎట్లు వెదకి తేవలెనో యంత్రమే తేల్చుకొనవలెను.

వాడుకొనువానికి ఇది గొప్ప సౌకర్యము. కాని అతని తలమీది బరువు మాయము కాలేదు. యంత్రము తలకు మారినది, అంతే. గ్రంథాలయములో ఒక పుస్తకము కావలెనన్న రెండు దారులున్నవి. బీరువాల నన్నిటిని వరుసగా చూడవచ్చును. లేదా అకారాది సూచికను చూచి తిన్నగా ఆ బీరువా వద్దకు పోవచ్చును. ఒక్క పుస్తకమునకు సూచికయే మేలు. ఉన్న పుస్తకములలో సగము కావలెనన్నప్పుడు మాత్రము, ఒక్కొక్క పుస్తకమునకు సూచిక వద్దకును బీరువా వద్దకును తిరుగుటకంటె, బీరువాలను వరుసగా చూచుకొని పోవుటయే తక్కువ శ్రమ. కనుక దారి నెన్నుకొనుటకు ముందుగనే జవాబులో ఎన్ని వరుసలు ఉండునో తెలియవలెను. చిక్కంతయు ఇందే ఉన్నది. జవాబు తెలియకముందే దాని పరిమాణము తెలియవలెను!

ఐ.బి.ఎం. వారి శాన్‌హోసే పరిశోధనశాలలో సిస్టం-ఆర్ అను ప్రయోగము జరిగినపుడు ఈ చిక్కును పట్రిషియా సెలింజరు, ఆమె సహచరులు ఎదుర్కొనిరి. 1979లో వారు ప్రకటించిన వ్యాసము ఈ శాస్త్రమునకు పునాది వంటిది. పట్టికలో వరుసలెన్ని, అవి ఎన్ని పుటలలో ఉన్నవి, సూచికలో వేర్వేరు విలువలెన్ని అను నాలుగైదు సంఖ్యలను మాత్రమే వారు దాచియుంచిరి. ఆ సంఖ్యలు కూడ లేనిచో? 'జిల్లా = ఫలానా' అను షరతునకు పదింట ఒక వంతు వరుసలు సరిపోవుననియు, 'మార్కులు ఇంతకు మించి' అను షరతునకు మూడింట ఒక వంతు సరిపోవుననియు అనుకొనవలెనని వారు నియమము చేసిరి. ఇవి కేవలము ఊహలే. గుడ్డిగా దారి పట్టుటకంటె ఏదో ఒక లెక్క మేలు గదా అను భావముతో పెట్టబడినవి.

ఆ వ్యాసములోనే మరియొక ముఖ్యమైన నిర్ణయము కలదు. వరుస చేరినప్పుడెల్ల, తీసివేయబడినప్పుడెల్ల ఈ సంఖ్యలను సవరించుట వారికి అసాధ్యము కాదు. అట్లు చేసినచో ప్రతి పనియు ఆ ఒక్క లెక్కల పుస్తకము వద్ద ఆగి తన వంతుకొరకు వేచియుండవలసి వచ్చును. దుకాణములో సరుకు తీసికొన్న ప్రతివాడును తానే స్వయముగా చిట్టాలో వ్రాసి పోవలెనన్న ఎట్లుండును? అందుచేత అప్పుడప్పుడు ఒక ఆజ్ఞ ఇచ్చినపుడు మాత్రమే సంఖ్యలు సవరింపబడునట్లు వారు ఏర్పాటు చేసిరి. లెక్క కొంచెము పాతబడినను పరవాలేదు, పని మాత్రము ఆగరాదు. ఈ రాజీయే నేటివరకు అన్ని డేటాబేసులలోను ఏదో ఒక రూపమున నిలిచియున్నది.

మెతుకు పట్టి చూచుట

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఈ లెక్కలను తీయు ఆజ్ఞ పేరు 'ఎనలైజ్'. పట్టికలో పదిలక్షల వరుసలున్నను, పదికోట్ల వరుసలున్నను ఇది అన్నిటిని చూడదు. నమూనాగా 30,000 వరుసలను యాదృచ్ఛికముగా ఏరుకొని వానిని మాత్రమే పరిశీలించును. (పట్టికలోనే అంతకంటె తక్కువ ఉన్నచో అన్నిటిని చూచును.) అన్నము ఉడికినదో లేదో తెలిసికొనుటకు ఒక మెతుకు పట్టి చూచినట్లే ఇదియును. కాని పదిలక్షలకును పదికోట్లకును ఒకే నమూనా ఎట్లు చాలును అను సందేహము తోచక మానదు. కుండ పెద్దదైనచో మెతుకులు కూడ ఎక్కువ పట్టి చూడవలదా?

సురజిత్ చౌధురి, రాజీవ్ మోత్వానీ, వివేక్ నరసయ్య అను మువ్వురు 1998లో ప్రకటించిన వ్యాసములో దీనికి సమాధానము గలదు. వారి సూత్రము ప్రకారము కావలసిన నమూనా పరిమాణము 4క × సం(2న/గ) ÷ చ². ఇందు 'క' అనగా పట్టికను ఎన్ని భాగములుగా విభజింపదలచితిమో ఆ సంఖ్య. 'న' పట్టికలోని వరుసల సంఖ్య. 'చ' ఒక్కొక్క భాగము పరిమాణములో అనుమతింపదగిన దోషము. 'గ' లెక్క తప్పుటకు గల సంభావ్యత. 'సం' సహజ సంవర్గమానము. పదిలక్షల వరుసలకు, సగము వంతు దోషమునకు, నూటికి ఒక పాలు సంభావ్యతకు దీనిని కట్టి చూచినచో 305.82 × క అని వచ్చును. దీనినే 300గా సవరించి, భాగములు 100 అని తీసికొని, 30,000 అను సంఖ్యను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నిర్మాతలు నిర్ణయించిరి.

తరగతిలో ఉపాధ్యాయులు చేయించదగిన లెక్క యిది. న స్థానమున పదిలక్షలకు బదులు నూరుకోట్లు వేసి చూడుడు. పట్టిక వేయిరెట్లు పెరిగినది, గుణకము 305.82 నుండి సుమారు 416 వరకు మాత్రమే పెరుగును. సంవర్గమానము లోపల చిక్కుకొన్న సంఖ్య ఎంత పెరిగినను దాని ప్రభావము బహు స్వల్పము. కుండ ఎంత పెద్దదైనను మెతుకులు ఇంచుమించు అన్నియే చాలును, కుండను బాగుగా కలియబెట్టినచో. మన దేశములో 1950లో ప్రారంభమైన జాతీయ నమూనా సర్వేకు ఆధారమైన భావము కూడ ఇట్టిదే.

ఆ నమూనా నుండి యంత్రము తీయునది ఏమి? ఒక్కొక్క నిలువు వరుసలో మిక్కిలి తరచుగా వచ్చు విలువలు, వాని పౌనఃపున్యములు; ఖాళీగా నున్న గడుల నిష్పత్తి; వేర్వేరు విలువల సంఖ్య; తక్కిన విలువలకు ఒక సోపాన చిత్రము. పాఠశాలలో నేర్పు సోపాన చిత్రములో తరగతి అంతరములు సమానముగా ఉండి, స్తంభముల ఎత్తులు మారుచుండును. ఇచ్చట అది తలక్రిందులైనది. అన్ని భాగములలోను వరుసలు సమానము, అంతరములే మారును. విద్యార్థుల మార్కులను నాలుగు భాగములు చేసినచో 0, 38, 52, 67, 100 అను హద్దులు వచ్చినవనుకొందము. 38 నుండి 52 వరకు గల ఇరుకైన అంతరములో నాల్గవవంతు విద్యార్థులు. 0 నుండి 38 వరకు గల వెడల్పైన అంతరములో కూడ నాల్గవవంతే.

ఈ తలక్రిందు అమరిక వలన లాభమేమి? సమాన అంతరముల చిత్రములో విద్యార్థులలో ముప్పాతికమంది ఒకే స్తంభములో పడినచో, ఆ స్తంభము నడుమనుండి ఎవరైన ప్రశ్న అడిగినపుడు అంచనా ఎంతైనను తప్పవచ్చును. సమాన సంఖ్యల చిత్రములో నూరు భాగములున్నప్పుడు, ఏ హద్దు ఏ భాగము నడుమ పడినను తప్పు ఆ ఒక్క భాగమునకు, అనగా నూటికి ఒక పాలునకు, మించదు. ఈ అమరికను డేటాబేసుల కొరకు 1984లో గ్రెగరీ పియాటెట్‌స్కీ-షపీరో, చార్లెస్ కానెల్ అనువారు సూచించిరి. నమూనా వలన వచ్చు దోషము దీనికి అదనము.

నమూనాకు లొంగని ప్రశ్న

నిష్పత్తులను చెప్పుటలో నమూనా బహు సమర్థము. కాని 'వేర్వేరు విలువలు మొత్తము ఎన్ని?' అను ప్రశ్న వేసినచో తడబడును. ఒక గరిట పప్పు రుచి చూచి ఉప్పు సరిపోయినదో లేదో చెప్పవచ్చును; కుండలో ఎన్ని రకముల పోపు గింజలు పడినవో చెప్పలేము. అరుదుగా వచ్చు విలువలు నమూనాలో పడనే పడవు. పై మువ్వురును మోజెస్ చరికార్‌తో కలిసి 2000లో, ఏ నమూనా పద్ధతియు ఈ సంఖ్యకు అన్ని సందర్భములలోను మంచి హామీ ఇవ్వజాలదని గణితరీత్యా చూపిరి.

కార్యరంగములో ఇబ్బంది ఇంకను హెచ్చు. సమాచారము డిస్కుమీద 8 కిలోబైట్ల పుటలుగా ఉండును. ఎనలైజ్ మొదట కొన్ని పుటలను ఏరి, వానినుండి వరుసలను ఏరును. ఒక విద్యార్థి ఆరు సబ్జెక్టుల మార్కులును వెంటవెంట చేర్చబడినవి గనుక ఒకే పుటలో ఉండును. పట్టిక మిక్కిలి పెద్దదైనప్పుడు, ఏరిన పుటలలో ఆ విద్యార్థి పేరే మరల మరల కనబడును. అంతట యంత్రము, 'పేర్లు ఇంతగా పునరావృతమగుచున్నవి గనుక విద్యార్థులు కొద్దిమందియే' అని భావించును. కుండను కలియబెట్టని దోషమిది. నిజము తెలిసిన మనిషి ఆ సంఖ్యను స్వయముగా చెప్పుటకు 2010లో వెలువడిన 9.0 సంచిక నుండి సౌకర్యము ఏర్పడినది.

మరియొక దోషము నమూనాది కాదు, సంభావ్యతా శాస్త్రమును వాడుటలోనిది. 5,00,000 మంది విద్యార్థుల పట్టికలో 20 జిల్లాలు, ఒక్కొక్క జిల్లాకు 25 మండలములు, అనగా మొత్తము 500 మండలములు ఉన్నవనియు, ఒక్కొక్క మండలమునకు 1,000 మంది విద్యార్థులనియు అనుకొందము. 'ఈ జిల్లాలో, ఈ మండలములోని విద్యార్థులు' అని అడిగినచో సరియైన జవాబు 1,000. యంత్రము మాత్రము రెండు షరతులును స్వతంత్రములని తలచి సంభావ్యతలను గుణించును. 5,00,000 × 1/20 × 1/500 = 50. నిజమునకు ఇరువదవ వంతు! మండలము చెప్పినచో జిల్లా దానంతట అదే తెలియునను సంగతి మనిషికి సహజముగా తోచును. యంత్రమునకు ఎవరో చెప్పవలెను. అట్లు చెప్పుటకు 'క్రియేట్ స్టాటిస్టిక్స్' అను ఆజ్ఞ 2017లో వచ్చిన 10వ సంచికలో చేర్చబడినది. స్వతంత్ర ఘటనలకు మాత్రమే సంభావ్యతలను గుణించవలెనని విద్యార్థులకు నేర్పునపుడు ఈ ఉదాహరణ పనికివచ్చును.

ఇక పాతబడుటను గురించి. పట్టికలో మార్పులు ఒక హద్దు దాటినపుడు ఎనలైజ్ తనంతట తానే జరుగునట్లు ఏర్పాటున్నది. సామాన్యముగా ఆ హద్దు 50 వరుసలు, వానికి తోడు పట్టికలో పదవవంతు. పై పట్టికకు ఇది 50,050. ఇప్పుడు ఆ పట్టికలో 'పునఃపరిశీలన కోరినారా?' అను నిలువు వరుస ఉన్నదనుకొందము. నిన్నటివరకు అందరికిని 'లేదు'. నేడు ఒక్కమారుగా 40,000 మందికి 'ఔను' అని మార్చిరి. ఇది హద్దునకు లోబడియే ఉన్నది గనుక లెక్క తిరిగి తీయబడదు. 'ఔను అన్నవారి వివరములు తెమ్ము' అనగానే యంత్రము తన పాత లెక్కను చూచి, అట్టివారు ఉన్నచో ఒక్కరు ఉందురేమో అనుకొనును. ఒక్కరి కొరకు మరియొక పట్టికను ఒకసారి మొదటినుండి చివరివరకు చూచినను నష్టము లేదు. ఆ దారినే పట్టి 40,000 సార్లు చూచుట మొదలిడినపుడు సెకనులు గంటలగును. మొదట చెప్పిన ఆలస్యమునకు ఇట్టివే కారణములు. పెద్ద మార్పు చేసిన వెంటనే మనిషి తన చేతితో ఎనలైజ్ ఆజ్ఞ ఇచ్చుట దీనికి సులభమైన చికిత్స. 'ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్' అను ఆజ్ఞతో ప్రశ్నను నడిపినచో ఒక్కొక్క మెట్టులో యంత్రము ఊహించిన వరుసలెన్ని, నిజముగా వచ్చినవెన్ని అను రెండు సంఖ్యలును పక్కపక్కనే కనబడును. ఆ రెంటి మధ్య వేలరెట్ల తేడా కనబడిన మెట్టువద్ద మొదట వెదకవలెను.

పనిని కొలుచు మీటర్లు

ఇంతవరకు చెప్పినవి పట్టికలలో ఉన్న సమాచారమును గురించిన లెక్కలు. యంత్రము చేయుచున్న పనిని గురించిన లెక్కలు మరియొక తెగ. ఏ పట్టికను మొత్తముగా ఎన్నిసార్లు చదివిరి, ఏ సూచికను ఎన్నిసార్లు వాడిరి, ఎన్ని పుటలు జ్ఞాపకములో దొరికినవి, ఎన్నింటిని వెలుపలి నుండి తేవలసి వచ్చెను అనునవన్నియు లెక్కింపబడుచుండును. ఇవి ఇంటిలోని కరెంటు మీటరు వంటివి. మీటరు మీది అంకె మొదటినుండి ఖర్చయిన విద్యుత్తు మొత్తము. దానిని ఒక్కసారి చూచిన లాభము లేదు. ఈ నెల అంకెనుండి పోయిన నెల అంకెను తీసివేసినపుడే ఖర్చు తెలియును. డేటాబేసు మీటర్లను కూడ గంటకొకసారి వ్రాసి పెట్టుకొని, తేడాలను చూడవలెను. ఒరాకిల్ అను ప్రసిద్ధ డేటాబేసులో 10వ సంచికనుండి ఈ పని గంటకొకసారి దానంతట అదే జరుగుచున్నది. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో దీనిని నిర్వాహకుడు ఏర్పాటు చేసికొనవలెను.

ఈ మీటర్లను త్రిప్పుటకు కూడ శ్రమ ఉన్నది. అనేక ప్రశ్నలు ఏకకాలమున నడుచుచుండగా అన్నియు ఒకే మీటరును త్రిప్పబోయిన తొక్కిసలాట తప్పదు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 14వ సంచిక వరకు ప్రతి పనివాడును తన లెక్కలను ఉత్తరములవలె ఒక సేకర్తకు పంపెడివాడు. అవి చేరినవో లేదో అని అడుగుట లేదు. రద్దీ ఎక్కువైనపుడు కొన్ని దారిలో పోవచ్చును. పోయినను సరే, పని ఆగరాదని నిర్మాతలు తెలిసియే అట్లు చేసిరి. 1979 నాటి రాజీ మరియొక రూపమున ఇచ్చట కనబడుచున్నది. 2022లో వెలువడిన 15వ సంచికలో ఆ సేకర్త తొలగింపబడినాడు. పనివాడు లెక్కలను మొదట తనవద్దనే కూడబెట్టుకొని, అప్పుడప్పుడు అందరికి ఉమ్మడిగా నున్న జ్ఞాపకస్థలములో జమచేయుచున్నాడు. ఉత్తరములు దారిలో పోవుట తప్పినది.

కాలమును కొలుచుట ఇంకను సున్నితమైనది. ఒక మెట్టు ఎంత కాలము పట్టినదో తెలియవలెనన్న, ఒక్కొక్క వరుసకు ముందొకసారి, వెనుకొకసారి గడియారము చూడవలెను. కోటి వరుసలకు రెండుకోట్ల చూపులు. ఒక్క చూపునకు 25 నానోసెకనులు పట్టినచో మొత్తము అర సెకను, ఇది భరింపవచ్చును. కొన్ని కంప్యూటర్లలో గడియారము నిదానమైనది. ఒక్క చూపునకు ఒక మైక్రోసెకను పట్టినదనుకొన్నచో మొత్తము 20 సెకనులు. ఐదు సెకనులలో ముగియు ప్రశ్న కొలుచుటవలన ఇరువదియైదు సెకనులు పట్టినట్లు తోచును! వేడి నీటిలో చల్లని ఉష్ణమాపకము ముంచినపుడు అది కొంత వేడిని తానే తీసికొనునను సంగతి భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే. అందుచేతనే డిస్కునుండి చదువు కాలమును కొలుచు మీటరు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో సామాన్యముగా ఆపి యుంచబడును. యంత్రము గడియారమును ముందు పరీక్షించుకొనుటకు 'పీజీ టెస్ట్ టైమింగ్' అను చిన్న సాధనము కూడ వెంట ఇవ్వబడినది.

మీటర్ల అంకెలను చదువుటలో పొరపాట్లు చాల జరుగుచున్నవి. వానిలో ముఖ్యమైనది నిష్పత్తిని చూచి మురియుట. 'చదివిన పుటలలో నూటికి 99 జ్ఞాపకములోనే దొరికినవి' అను సంఖ్యను పూర్వము నిర్వాహకులు ఆరోగ్యమునకు గుర్తుగా భావించెడివారు. ఒక తెలివితక్కువ ప్రశ్న అవే నాలుగు పుటలను లక్షసార్లు తిరుగవేసినచో ఆ సంఖ్య నూటికి నూరునకు చేరును. పని వృథా, నిష్పత్తి మాత్రము దివ్యము. పైగా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 'వెలుపలినుండి తెచ్చితిని' అని వ్రాసిన పుట నిజముగా డిస్కునుండియే వచ్చినదో, ఆపరేటింగ్ సిస్టము తన జ్ఞాపకములోనుండి అందించినదో దానికే తెలియదు.

రెండవది సగటు. నూరు ప్రశ్నలలో 99 ఒక్కొక్కటి 10 మిల్లీసెకనులలో ముగిసి, ఒక్కటి 4 సెకనులు పట్టినదనుకొందము. సగటు 49.9 మిల్లీసెకనులు. ఆ నూటిలో ఒక్క ప్రశ్నకైనను 50 మిల్లీసెకనులు పట్టలేదు! సగటును చూచువాడు అందరికిని కొంచెము ఆలస్యమైనదని తలచును. నిజమున కష్టము ఒక్కనిది. 2009 నుండి పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌తోపాటు వచ్చుచున్న 'పీజీ స్టాట్ స్టేట్‌మెంట్స్' అను అనుబంధము ఒక్కొక్క తరహా ప్రశ్న ఎన్నిసార్లు అడుగబడినదో, మొత్తము ఎంత కాలము పట్టినదో లెక్కించును. తరువాతి సంచికలలో కనిష్ఠము, గరిష్ఠము, ప్రామాణిక విచలనము కూడ చేర్చబడినవి. పై ఉదాహరణలో ప్రామాణిక విచలనము కట్టి చూచినచో సుమారు 397 మిల్లీసెకనులు వచ్చును. విచలనము సగటునకు ఎనిమిదిరెట్లున్న చోట సగటును నమ్మరాదు.

ఇందులో మొత్తము కాలమును చూచుట అన్నిటికంటె లాభకరము. 60 సెకనులు పట్టు ప్రశ్న దినమునకు మూడుసార్లు వచ్చినచో 180 సెకనులు. రెండే మిల్లీసెకనులు పట్టు ప్రశ్న పదిలక్షలసార్లు వచ్చినచో 2,000 సెకనులు. ఎవరి కంటికిని ఆనని ఆ చిన్న ప్రశ్నయే యంత్రమును ఎక్కువగా తినుచున్నది.

వేచియుండు కాలము

చవుకధరల దుకాణములో బియ్యము తెచ్చుకొనుటకు రెండు గంటలు పట్టినదనగా, అందు తూకము వేయుటకు పట్టినది రెండు నిమిషములు. తక్కినది వరుసలో నిలిచిన కాలము. తక్కెడను ఎంత బాగుచేసినను లాభము లేదు. డేటాబేసులోని ప్రశ్న కూడ కొంతకాలము లెక్కించుచు, కొంతకాలము దేనికొరకో వేచియుండును: డిస్కు కొరకు, మరియొకడు పట్టుకొన్న తాళము కొరకు, అవతలి కంప్యూటరు నుండి రావలసిన మాట కొరకు. ఎవరు దేనికొరకు వేచియున్నారను సంగతిని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 2016లోని 9.6 సంచికనుండి పేర్లతో చూపుచున్నది. ఒరాకిల్ ఈ మార్గమును అంతకు చాలకాలము ముందే పట్టినది.

ఇచ్చట నమూనా మరల ప్రవేశించుచున్నది. ప్రతి నిరీక్షణకు గడియారము చూచుట ఖర్చుతో కూడినది గనుక, సెకనుకొకసారి లోపలికి తొంగిచూచి, ఆ క్షణమున పనిలోనున్నవారు ఏమి చేయుచున్నారో వ్రాసికొన్న చాలును. ఒక గంటలో 3,600 చూపులు. వానిలో 900 చూపులందు తాళము కొరకు వేచియున్న ప్రశ్న ఒకటి కనబడినచో, తాళములవద్ద గడచినది సుమారు 900 సెకనులని చెప్పవచ్చును. ఇది కూడ మెతుకు పట్టి చూచుటయే, కాకున్న వరుసలలో గాక కాలములో. 5 మిల్లీసెకనులు మాత్రమే నిలుచు నిరీక్షణ ఒక చూపునకు చిక్కు సంభావ్యత 200లో 1; ఒంటరిగా వచ్చినది తప్పించుకొనును, వేలకొలది వచ్చినచో తప్పక పట్టుబడును. ఎక్కువ కాలమును తినునదే ఎక్కువగా కనబడును గనుక ఇది దోషము కాదు, సుగుణమే.

అమెరికా దేశీయుడగు జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక సూత్రము వలన ఈ లెక్కను సరిచూచుకొనవచ్చును. లోపలనున్నవారి సగటు సంఖ్య = సెకనుకు వచ్చువారి సంఖ్య × ఒక్కొక్కరు లోపల ఉండు సగటు కాలము. సెకనుకు 500 ప్రశ్నలు వచ్చి, ఒక్కొక్కటి 20 మిల్లీసెకనులు పట్టినచో, ఏ క్షణమున తొంగిచూచినను సగటున 10 ప్రశ్నలు లోపల ఉండవలెను. మీటర్లు ఒక మాట, తొంగిచూపులు వేరొక మాట చెప్పినచో రెంటిలో ఏదో ఒకటి తప్పు కొలుచుచున్నదన్నమాట.

మీటర్లను సున్నకు త్రిప్పుటకు 'పీజీ స్టాట్ రీసెట్' అను ఆజ్ఞ ఉన్నది. క్రొత్తగా నేర్చుకొనువారు దీనిని తరచుగా ప్రయోగింప చూతురు. సున్నతో మొదలిడిన లెక్క చదువుటకు సులభము గదా. కాని పట్టికలో ఎన్ని వరుసలు మారినవను లెక్క కూడ ఈ మీటర్లలోనే ఉన్నది. ఎనలైజ్ ఎప్పుడు జరుగవలెనో దానిని చూచియే నిర్ణయింపబడును. 45,000 మార్పులు జరిగిన పట్టికలో మీటరును సున్న చేసినచో, ఆ మార్పులు జరుగనట్లే అగును. మరి 50,050 మార్పులు జరుగువరకు పాత అంచనాయే సాగును. కరెంటు ఆకస్మికముగా పోయి యంత్రము ఆగినపుడు కూడ ఈ మీటర్లు సున్నకు వచ్చును. ఎనలైజ్ తీసిన లెక్కలు మాత్రము తక్కిన సమాచారముతోపాటు డిస్కుమీద భద్రముగా నుండును. కనుక అట్టి సంఘటన తరువాత పెద్ద పట్టికలకు ఒకసారి ఎనలైజ్ ఆజ్ఞ ఇచ్చుట, తేడాలు చూచుటకు మీటర్లను త్రిప్పక రెండు కాలముల అంకెలను వ్రాసికొని తీసివేయుట అనుభవజ్ఞులైన నిర్వాహకుల వాడుక.